చలికాలంలో నిద్రపోయే కార్లు

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో, డెట్రాయిట్ నగరం నుండి వాయవ్యంగా పాంటియాక్ పట్టణం వైపు పోయే రహదారికి వుడ్‌వర్డ్ అవెన్యూ అని పేరు. మోటారుకార్ల చరిత్రలో ఈ వీధికి ఒక ప్రత్యేక స్థానం ఉన్నది. 1909లో ఈ వీధిలోనే ఒక మైలు పొడవున కాంక్రీటు రోడ్డు వేశారు. దీని పక్కన ఉన్న హైలాండ్ పార్కు కర్మాగారంలోనే 1913లో హెన్రీ ఫోర్డు, కదిలే వరుసలో కార్లను కూర్చే పద్ధతిని ప్రవేశపెట్టాడు. 1995 నుండి ఇంచుమించు ప్రతి ఆగస్టు నెలలోను ఇక్కడ పాతకాలపు కార్ల ఊరేగింపు జరుగుతున్నది. యాభై, అరవై, ఎనభై ఏండ్ల నాటి కార్లు వేలకొద్దీ తళతళలాడుతూ బయలుదేరుతాయి. అదే వీధిని జనవరిలో చూస్తే అటువంటి కారు ఒక్కటి కనిపించడం కూడ అరుదు. అవన్నీ షెడ్లలో గుడ్డ కప్పుకొని నాలుగైదు నెలలపాటు కదలకుండా ఉంటాయి.

కదలని యంత్రం అరగదు గదా, దానికి వచ్చే నష్టమేమిటని తోచవచ్చు. కాని రోజూ తిరిగే కారుకంటె ఊరక నిలిచి ఉన్న కారుకే కొన్ని జబ్బులు ఎక్కువ. నడిచే కారు వేడెక్కి, తనలోని తేమను తానే తరిమివేస్తుంది. నడకతో దాని బ్యాటరీ నిండుతుంది. ట్యాంకులోని పెట్రోలు పాతబడకముందే ఖర్చవుతుంది. నిలిచిన కారుకు ఈ సౌకర్యాలు లేవు. దానిలోని ఇనుము, సీసం, ఆమ్లం, నూనె, నీరు తమ రసాయన చర్యలను మానవు. ఈ చర్యలను ఎరిగిన యజమాని నవంబరులో ఒక రోజు శ్రమపడి, తరువాత కారును దాని మానాన వదలివేస్తాడు. ఎరుగని యజమాని కారు మీది ప్రేమతో వారం వారం ఒక పని చేస్తాడు. ఆ పని కారుకు చెరుపు, ఒక్కొక్కప్పుడు మనిషికి ప్రాణాంతకం. దానిని గురించి ముందుముందు వస్తుంది.

మొదట ఉప్పును గురించి తెలుసుకొనవలె. డెట్రాయిట్ నగరం కింద సుమారు 360 మీటర్ల లోతున రాతి ఉప్పు పొరలు ఉన్నాయి. 1910 నాటికే అక్కడికి గని బావి తవ్వారు. చలికాలంలో రోడ్ల మీది మంచు కరగడానికి చల్లేది ఇటువంటి ఉప్పునే. కార్లను పుట్టించిన నగరం, కార్లను తినివేసే పదార్థం మీదనే కూర్చుని ఉండడం ఒక విచిత్రం.

మంచినీరు 0 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద గడ్డకడుతుంది. దానిలో ఉప్పు కరిగితే గడ్డకట్టే ఉష్ణోగ్రత దిగిపోతుంది. ద్రావణంలో నూటికి 23 పాళ్ళు ఉప్పు ఉన్నప్పుడు అది సున్నకు 21 డిగ్రీలు దిగువ వరకు ద్రవంగానే ఉంటుంది. రోడ్డు మీద పాళ్ళు ఇంత చక్కగా కుదరవు గనుక, ఆచరణలో సున్నకు 9 డిగ్రీల దిగువ దాకా మాత్రమే ఉప్పు బాగా పనిచేస్తుంది. అంతకంటె చలి ముదిరితే కాల్షియం క్లోరైడు, మెగ్నీషియం క్లోరైడు వంటి లవణాలను కలుపుతారు. రోడ్డు మీద జారకుండా ప్రజలను కాపాడేది ఈ ద్రావణమే. చక్రాలు చిమ్మగా కారు అడుగు భాగమంతటా పట్టుకొని తెల్లని పొరగా ఎండేదీ ఇదే. డెట్రాయిట్ పరిసరాలలో ఉద్యోగాలు చేసుకొనే తెలుగువారికి ఈ తెల్లని పొర పరిచితమే.

ఉప్పు తగిలిన ఇనుము ఏల త్వరగా తుప్పు పడుతుందో ఉన్నతపాఠశాల ప్రయోగశాలలోనే చూపించవచ్చు. ఈ ప్రయోగాన్ని 1920ల దశకంలో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో యు. ఆర్. ఎవాన్స్ అనే శాస్త్రజ్ఞుడు ప్రసిద్ధికి తెచ్చాడు. ఒక ఇనుపరేకును గరుకు కాగితంతో మెరిసేటట్లు రుద్ది, జిడ్డు లేకుండా తుడవవలె. నూటికి మూడు పాళ్ళు ఉప్పు ఉన్న నీటిలో పొటాసియం ఫెర్రిసైనైడు ద్రావణం కొన్ని చుక్కలు, ఫినాల్ఫ్తలీను ఒకటి రెండు చుక్కలు కలిపి, ఆ మిశ్రమంలో నుండి ఒక పెద్ద చుక్కను రేకు మీద ఉంచవలె. మొదట అక్కడక్కడ రంగు పొడలు కనిపిస్తాయి. కొంతసేపటికి అవి సర్దుకొని, చుక్క మధ్య భాగం నీలంగాను, అంచు గులాబిరంగుగాను మారుతాయి. ఆ రెండింటి నడుమ గోధుమరంగు వలయం ఒకటి నెమ్మదిగా ఏర్పడుతుంది. అదే తుప్పు.

చుక్క అంచున నీటి పొర పలుచన గనుక గాలిలోని ఆమ్లజని, అనగా ఆక్సిజన్, అక్కడ సులభంగా కరుగుతుంది. మధ్యకు అది అంతగా అందదు. ఈ తేడా వల్ల చుక్క ఒక చిన్న విద్యుద్ఘటంగా మారుతుంది. మధ్యనున్న ఇనుము ఎలక్ట్రాన్లను విడిచి అయాన్లుగా నీటిలోకి దిగుతుంది. ఆ అయాన్ల వల్ల ఏర్పడేదే నీలిరంగు. విడిచిన ఎలక్ట్రాన్లు రేకు గుండా అంచుకు పోయి, అక్కడి ఆమ్లజనితోను, నీటితోను కలిసి క్షారాన్ని పుట్టిస్తాయి. గులాబిరంగు దాని గుర్తు. ఉప్పు రెండు విధాల దీనికి తోడ్పడుతుంది. నీటిలో విద్యుత్తు సులభంగా ప్రవహించేటట్లు చేస్తుంది. ఇనుము పైనుండే పలుచని రక్షక పొరను క్లోరైడు అయాన్లు ఛేదిస్తాయి.

ఇందులో గమనించవలసిన విషయం మరొకటి ఉన్నది. తుప్పు కనిపించే చోటు ఒకటి, లోహం నష్టమయ్యే చోటు మరొకటి. ఆమ్లజని తక్కువగా అందే చోటనే ఇనుము కరిగిపోతుంది. అందుచేతనే కార్లు పైకి కనిపించే రేకుల మీదకంటె, రెండు రేకులు కలిసే అతుకులలోను, మడ్గార్డుల లోపల బురద పేరుకొన్న మూలలలోను ముందుగా చిల్లులు పడతాయి. పైకి మెరుస్తున్న పాతకారును కొనదలచినవాడు ముందు దాని కిందికి దూరి చూడడంలో అర్థం ఇదే.

ఉప్పు పొర ఎండిపోయిన తరువాత ఇక భయం లేదనుకొనరాదు. ప్రతి లవణానికి గాలి తేమలో ఒక హద్దు ఉన్నది. గాలి పట్టగలిగినంత తేమలో నూటికి ఎన్ని పాళ్ళు ఉన్నదో తెలిపే అంకెను సాపేక్ష ఆర్ద్రత అంటారు. ఇది 75 దాటితే మామూలు ఉప్పు గాలిలోని తేమను పీల్చుకొని తానే కరుగుతుంది. వర్షాకాలంలో వంటింటి ఉప్పు చెమర్చడం అందరూ చూసినదే. మెగ్నీషియం క్లోరైడుకు ఈ హద్దు 33 మాత్రమే. అంటే మామూలుగా పొడిగా ఉన్నదని చెప్పుకొనే గదిలో కూడ ఆ లవణం తడిగానే ఉంటుంది. దాని కింద ఇనుము రాత్రింబవళ్ళు కరుగుతూనే ఉంటుంది. కాబట్టి మిషిగన్ యజమానులు రోడ్లపై తొలిసారి ఉప్పు చల్లకముందే కారును లోపల పెడతారు. అప్పటికే ఉప్పు తగిలి ఉంటే అడుగు భాగాన్ని, మడ్గార్డుల లోపలి మూలలను మంచినీటితో బాగా కడిగి, కొన్ని మైళ్ళు నడిపి ఆరబెట్టిన తరువాతనే షెడ్డులో పెడతారు.

ఉప్పు లేకపోయినా తేమ ఒక్కటే చాలు. 1930ల దశకంలో ఇంగ్లండులో వెర్నన్ జరిపిన పరిశోధనలలో, సాపేక్ష ఆర్ద్రత ఒక హద్దు దాటేవరకు ఇనుము ఇంచుమించు చెడకుండా ఉండడం, దాటిన వెంటనే తుప్పు వేగం పెరిగిపోవడం కనిపించింది. ఆ హద్దు సుమారు 60. పాతకారుకు కావలసినది వెచ్చదనం కాదు, పొడిదనం. తడి మంచుతో తిరిగి వచ్చే మరొక కారును కూడ నిలిపే వెచ్చని షెడ్డుకంటె, చల్లగా ఉన్నా పొడిగా ఉండే కొట్టం మేలు. వేడి ఎక్కువైతే రసాయన చర్యల వేగం కూడ ఎక్కువవుతుంది గదా.

చలిప్రదేశాలలో తేమ ఒక దొడ్డిదారిన కూడ వస్తుంది. వారం రోజులు గడ్డకట్టే చలి ఉండి, హఠాత్తుగా ఒకనాడు గాలి వెచ్చబడినదనుకొనవచ్చు. వందల కిలోల బరువున్న ఇంజను అంత త్వరగా వెచ్చబడదు. అది ఇంకా 0 డిగ్రీల వద్దనే ఉంటుంది. 10 డిగ్రీల వద్ద ఒక ఘనమీటరు గాలి 9.4 గ్రాముల నీటి ఆవిరిని పట్టగలదు. ఆర్ద్రత 80 అయితే అందులో 7.5 గ్రాములు ఉంటుంది. ఆ గాలి చల్లని ఇనుమును తాకి 0 డిగ్రీలకు దిగితే 4.8 గ్రాములకు మించి పట్టలేదు. తక్కిన 2.7 గ్రాములు ఇంజను మీద మంచుబిందువులై చెమరుస్తాయి. తలుపు సందుల గుండా కొత్త గాలి వస్తున్నంతసేపు ఈ తంతు జరుగుతూనే ఉంటుంది. ప్లాస్టిక్ దుప్పటి కప్పితే ఈ తడి బయటకు పోదు. అందుకనే గాలి ఆడే నూలుగుడ్డ కప్పుతారు. ప్లాస్టిక్‌ను కప్పవలసినది కారు మీద కాదు, నేల మీద. కాంక్రీటు నేల గుండా భూమి తేమ పైకి రాకుండా అది అడ్డుకొంటుంది.

మంచు పడని మన ప్రాంతాలలో చలికాలం స్థానాన్ని వర్షకాలం ఆక్రమిస్తుంది. విశాఖపట్టణం వంటి సముద్రతీర పట్టణాలలో రోడ్డు మీద ఎవరూ ఉప్పు చల్లకపోయినా సముద్రపు గాలే ఆ పని చేస్తుంది. ఆర్ద్రత 75 దాటే రాత్రులకు అక్కడ కొరత లేదు. హైదరాబాదులో చౌమహల్లా ప్రాసాదాన్ని చూడబోయినవారు నిజాముల కాలపు పసుపుపచ్చని రోల్స్‌రాయిస్ కారును చూసే ఉంటారు. అటువంటి కారు వయస్సును అది తిరిగిన మైళ్ళతో కాక, అది గడిపిన వర్షకాలాలతో లెక్కపెట్టడం సబబు.

ఇక వారం వారం చేసే పని సంగతి. నిలిచిన కారు ఇంజనును అప్పుడప్పుడు పది నిమిషాలు తిప్పితే దానికి ఆరోగ్యమని చాలమంది నమ్మకం. పెట్రోలు ఉదజని, బొగ్గు కలిసిన పదార్థం. అది మండినప్పుడు ఉదజని ఆమ్లజనితో కలిసి నీరవుతుంది. ఒక లీటరు పెట్రోలు మండితే పుట్టే నీరు కూడ ఇంచుమించు ఒక లీటరే. వేడెక్కిన ఇంజనులో ఈ నీరు ఆవిరిగా సైలెన్సరు గుండా బయటకు పోతుంది. చల్లని ఇంజనులో అది సిలిండరు గోడల మీద, సైలెన్సరు లోపల నీరుగానే నిలుస్తుంది. పిస్టను రింగుల పక్కనుండి కొంత కిందికి జారి నూనెలో కలుస్తుంది. నూనెలో ఈ నీరు, మండగా మిగిలిన ఆమ్లాలు చేరి బేరింగులను తింటాయి. నూనె పూర్తిగా వేడెక్కవలెనంటే కారును అరగంటకు తక్కువ కాకుండా రోడ్డు మీద నడపవలె; నిలబెట్టి పది నిమిషాలు తిప్పితే చాలదు. అందుచేత అనుభవజ్ఞులు షెడ్డులో పెట్టేముందే పాత నూనె తీసి కొత్తది పోసి, స్పార్కుప్లగ్గుల రంధ్రాల గుండా ప్రతి సిలిండరులోను కొన్ని చుక్కల నూనె వేసి, ఇంజనును చేతితో రెండు మూడు చుట్లు తిప్పి, వసంతకాలం దాకా ముట్టుకొనరు.

మనిషికి కలిగే అపాయం కార్బన్ మోనాక్సైడు వల్ల. దీనికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హీమోగ్లోబిను ఆమ్లజనికంటె రెండువందల రెట్లకు పైగా గట్టిగా దీనిని పట్టుకొంటుంది. 1975 నుండి అమెరికాలో తయారైన కార్లలో చాలవాటికి ఈ వాయువును తగ్గించే కాటలిటిక్ కన్వర్టరు అమర్చారు. అంతకు ముందటి కార్లకు అది లేదు. చల్లని ఇంజనుకు చోకు వేసి తిప్పినప్పుడు పెట్రోలు పాలు ఎక్కువై, పొగలో నూటికి ఐదు పాళ్ళ వరకు ఈ విషవాయువు ఉండవచ్చు.

విద్యార్థులు ఈ లెక్క వేసి చూడవచ్చు. షెడ్డు పొడవు 6 మీటర్లు, వెడల్పు 3, ఎత్తు 2.4 అయితే దానిలోని గాలి సుమారు 43,000 లీటర్లు. రెండు లీటర్ల ఇంజను నిమిషానికి 800 చుట్లు తిరుగుతున్నది. అది రెండు చుట్లకు ఒకసారి గాలి పీలుస్తుంది గనుక పూర్తిగా పీలిస్తే నిమిషానికి 800 లీటర్లు. ఊరక తిరిగేటప్పుడు గాలి మార్గం చాలవరకు మూసి ఉంటుంది గనుక దానిలో మూడవ వంతు, 270 లీటర్లు అనుకొనవచ్చు. అందులో నూటికి ఐదు పాళ్ళంటే నిమిషానికి 13 లీటర్లకు పైగా విషవాయువు. మూడు నిమిషాలు దాటేసరికి షెడ్డు గాలిలో వెయ్యింట ఒక పాలు విషమవుతుంది. అంత గాలి గంటా రెండు గంటలలో మనిషికి స్పృహ తప్పించగలదు. పది నిమిషాలకు అది వెయ్యింట మూడు పాళ్ళు దాటుతుంది. అటువంటి గాలిలో అరగంట ఉంటే ప్రాణం దక్కడం కష్టం. అమెరికాలో చాల ఇండ్లకు షెడ్డు ఒక గోడకు ఆనుకొనే ఉంటుంది. వాయువు తలుపు సందుల నుండి పడకగదులలోకి పోతుంది. తలుపు కొంత తెరిచి ఉంచినా అది చాలుతుందనే నమ్మకం లేదు. ఇంజనును తిప్పవలసి వస్తే కారును బయటకు తెచ్చే తిప్పవలె.

బ్యాటరీ విషయంలో చలి మిత్రమూ, శత్రువూ కూడ. బ్యాటరీ ఊరక ఉన్నా తనలోని విద్యుత్తును కొద్దికొద్దిగా పోగొట్టుకొంటుంది. చలిలో ఈ నష్టం తక్కువ. కాని విద్యుత్తు తరిగే కొద్ది దానిలోని గంధకికామ్లం పలకలకు అంటుకొని, ద్రావణం పలుచనవుతుంది. పూర్తిగా నిండిన బ్యాటరీలో ద్రావణపు సాపేక్ష సాంద్రత 1.27 దగ్గర ఉంటుంది. అది సున్నకు 60 డిగ్రీల దిగువ దాకా గడ్డకట్టదు. సాంద్రత 1.10కి దిగిన బ్యాటరీ సున్నకు 8 డిగ్రీల దిగువనే గడ్డకట్టి పెట్టె పగులుతుంది. డెట్రాయిట్ జనవరి రాత్రులలో అంత చలి మామూలే. కాబట్టి నిండుగా ఉన్న బ్యాటరీకి చల్లని గది మంచిదే. ఖాళీ బ్యాటరీకి అదే మృత్యువు. అంతేగాక, ఖాళీగా ఉంచితే పలకల మీది సీసపు సల్ఫేటు పెద్ద పలుకులుగా గట్టిపడి, తరువాత ఎంత విద్యుత్తు పంపినా కరగదు. బ్యాటరీని సిమెంటు నేల మీద పెట్టకూడదనే మాట కొయ్యపెట్టెల కాలం నాటిది. ఇప్పటి ప్లాస్టిక్ పెట్టెలకు అది వర్తించదు.

బ్యాటరీని ఊడదీసేటప్పుడు కారు శరీరానికి కలిపిన తీగను ముందు తీయవలె. రెండవదాన్ని ముందు తీయబోతే స్పానరు రేకుకు తగిలి నిప్పురవ్వలు లేస్తాయి. పాతకార్లలో ఒక తిరకాసు ఉన్నది: 1955 వరకు వచ్చిన ఫోర్డు కార్ల వంటివాటిలో శరీరానికి కలిపినది ధనధ్రువం. అలవాటు కొద్దీ ఋణధ్రువాన్ని విప్పితే పొరపాటే. విద్యుత్తు నింపేటప్పుడు ఉదజని వెలువడుతుంది. గాలిలో నూటికి నాలుగు పాళ్ళుంటే చాలు, అది అంటుకొంటుంది.

పెట్రోలు నిలవ ఉంటే దానిలో తేలికగా ఆవిరయ్యే భాగం ముందు పోతుంది. అప్పుడు ఇంజను చలిలో పట్టుకోదు. మిగిలిన భాగం గాలిలోని ఆమ్లజనితో కలిసి బంక అవుతుంది. కార్బురేటరులోని సన్నని రంధ్రాలను మూయడానికి ఆ బంక కొద్దిపాటి చాలు. నేడు అమెరికాలో అమ్మే పెట్రోలులో సాధారణంగా నూటికి 10 పాళ్ళ వరకు ఇథైల్ ఆల్కహాలు ఉంటుంది. అది నీటిని పీల్చుకొంటుంది. నూటికి అరపాలు నీరు చేరేసరికి, అందులోను చలి ఎక్కువైతే, ఆల్కహాలు నీటితో కలిసి వేరుపడి ట్యాంకు అడుగుకు చేరుతుంది. పాతకాలపు ఇనుప ట్యాంకుకు ఆ అడుగు పొర విషం వంటిది. అందువల్ల ట్యాంకును దాదాపు నిండుగా నింపి, లోపల తేమగాలికి చోటు లేకుండా చేసి, బంక కట్టకుండా ఆపే మందు కలిపి, ఆ పెట్రోలు కార్బురేటరుదాకా చేరేటట్లు కొంతదూరం నడుపుతారు.

రేడియేటరులో ఉత్త నీరు ఉంటే గడ్డకట్టి నూటికి తొమ్మిది పాళ్ళు వ్యాకోచిస్తుంది. పోతఇనుము ఆ ఒత్తిడికి ఆగక పగులుతుంది. ఫోర్డు టి-మోడల్ కార్లున్న కాలంలో చలిరాత్రులలో నీటిని వదిలివేసి, ఉదయం మళ్ళీ పోసుకొనేవారు. తరువాత ఇథిలిన్ గ్లైకాల్ వాడుకలోకి వచ్చింది. ఎక్కువ పోస్తే ఎక్కువ రక్షణ అనుకొంటే తప్పు. నీరు, గ్లైకాల్ సమపాళ్ళుగా ఉంటే సున్నకు 37 డిగ్రీల దిగువ వరకు గడ్డకట్టదు. ఉత్త గ్లైకాల్ 13 డిగ్రీల దిగువనే గడ్డకడుతుంది. రెండింటి అణువులు ఒకదాని స్ఫటికాన్ని మరొకటి కట్టనీయకపోవడమే ఇందుకు కారణం. ఇది తియ్యగా ఉండే విషం గనుక ఒలికినచోట పిల్లలు, కుక్కలు తాకకుండా వెంటనే తుడిచివేయవలె.

తక్కినవి చిన్న పనులు. హాండుబ్రేకు వేసి ఉంచితే బ్రేకు పట్టీలు డ్రమ్ములకు తుప్పుతో అతుక్కుంటాయి గనుక దానిని వదలి, చక్రాలకు దిమ్మెలు అడ్డం పెడతారు. టైర్లు ఒకేచోట నొక్కుకుపోకుండా కొంచెం ఎక్కువ గాలి కొడతారు. ఎలుకలు సైలెన్సరులో కాపురం పెట్టకుండా దాని మూతికి ఇనుప పీచు కుక్కి, ఆ సంగతి మరచిపోకుండా స్టీరింగుకు ఒక చీటీ కడతారు. ఈ చీటీని నవ్వులాటగా తీసుకొనరాదు. ఏప్రిల్ నాటికి అన్నీ జ్ఞాపకం ఉంచుకొనే మనిషి అరుదు.

మంచు కరిగినంత మాత్రాన కారు బయటకు రాదు. రోడ్ల పక్క చలికాలపు ఉప్పు ఇంకా మిగిలే ఉంటుంది. వసంతకాలపు వానలు రెండు మూడు గట్టిగా కురిసి, ఆ ఉప్పును కాలువలలోకి కడిగివేసేదాకా మిషిగన్ యజమానులు ఓపిక పడతారు. ఆ తరువాత గుడ్డ తొలగించి, సైలెన్సరు మూతిలోని ఇనుప పీచు తీసి, బ్యాటరీ తగిలించి, కారును చేతులతో షెడ్డు బయటకు నెట్టి, ఇంజనును తిప్పకముందే బ్రేకును కాలితో నొక్కి చూస్తారు.